కుడి తలుపు స్పీకరు

నా గొంతు పల్చగా ఉందట.

రవిచంద్ర ఫోన్లో ఆ మాట చెప్పేసరికి నేను వెంగళరావు నగర్‌లో, మా వంటింట్లో, పప్పుకి తాలింపు వేస్తున్నాను. స్టవ్ ఆపడం మర్చిపోయాను. తాలింపు మాడి బొగ్గయింది. ఆ పూట ఇంట్లో అందరూ ఆ పప్పే తిన్నారు. నా ముఖం చూశాక ఒక్కళ్ళూ కిక్కురుమనలేదు.

నా పేరు భువన. నేను ట్రాక్ సింగర్‌ని. అంటే ఏమిటో చెప్తాను. సినిమా పాటకి బాణీ కుదిరాక, పెద్ద గాయని ఎవరో తీరిక చూసుకుని వచ్చి పాడేదాకా అది ఖాళీగా ఉంటే కుదరదు. అందుకని ముందు ఒకరు పాడిపెడతారు. అది విని హీరోయిన్ స్టెప్పులు నేర్చుకుంటుంది, డైరెక్టరు షాట్లు ఊహించుకుంటాడు, ఆ పెద్ద గాయని విరుపులూ గమకాలూ వల్లె వేసుకుంటుంది. తర్వాత ఆ మొదటి గొంతు తీసి పారేస్తారు. ఆ పారేసే గొంతు నాది. పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టాను, ఇప్పుడు మా అబ్బాయికి మీసాలొచ్చాయి. నేను పాడిన పాటలు పెళ్ళి ఊరేగింపుల్లో మోగుతుంటాయి. నా గొంతు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

ఈసారి వేరు. రవిచంద్ర సంగీత దర్శకుడు, నాకన్నా చిన్నవాడు, అక్కా అంటాడు. రికార్డింగ్ అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి, "అక్కా, ఇది ఇంకెవరూ పాడక్కర్లేదు, నీ గొంతే ఉంచేద్దాం," అన్నాడు. కూతురి పెళ్ళికి ముందు రోజు తల్లి పాడుకునే పాట అది. హడావుడి లేదు, మెరుపులు లేవు, ఒక్క గొంతు, వెనకాల వీణ. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. పేరు కూడా వేస్తారట అన్నాను. ఆయన అదే మాట నాచేత మళ్ళీ చెప్పించుకున్నాడు.

అలాంటిది ఇప్పుడు పల్చగా ఉందట.

"సార్ కార్లో విన్నారక్కా," అన్నాడు రవిచంద్ర. "వాయిస్‌లో బరువు లేదన్నారు. బొంబాయి అమ్మాయితో పాడించమన్నారు. ఏమనుకోకు, పాడించేశాం కూడా."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను. వెనక సీట్లో నేనూ విన్నాను కదా. నిజంగానే పల్చగా ఉంది."

"మరి నీ స్టూడియోలో?"

"స్టూడియోలో అదిరింది."

"ఏది నిజం రవీ? స్టూడియోదా, కారుదా?"

వాడు నీళ్ళు నమిలాడు. నమిలి నమిలి, "సార్‌కి ఆ కారు సెంటిమెంటు కదక్కా," అన్నాడు. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

సినిమావాళ్ళ సెంటిమెంట్లు నాకు కొత్త కాదు. మంగళవారం క్లాప్ కొట్టనివాళ్ళు, ఎర్ర కుర్చీలో తప్ప కథ విననివాళ్ళు, హిట్టయిన సినిమాకి వేసుకున్న చొక్కా చిరిగినా విడవనివాళ్ళు, అందరినీ చూశాను. ఎవరి చొక్కా వాళ్ళిష్టం. కానీ సూర్యప్రకాశరావు గారి సెంటిమెంటు వేరొకరి గొంతు మీద కూర్చుని ఉంది.

ఆయన పెద్ద నిర్మాత. కాకినాడ నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో స్థిరపడ్డారు. ఎవరినీ పల్లెత్తు మాట అనరు, అందరినీ అమ్మా, బాబూ అంటారు. ఆఫీసు ముందు మూడు పెద్ద కార్లుంటాయి. వాటి పక్కన ఒక పాత తెల్ల కారు ఉంటుంది. దానికి రోజూ పూలదండ వేస్తారు.

ఫోన్లలో పాటలు వినే రోజులు రాకముందు శాటిలైట్ రేడియో అని ఒకటుండేది. చందా కట్టి, చిన్న సెట్టు కొని, అరచెయ్యంత యాంటెన్నా ఆకాశం కేసి పెట్టుకుంటే పగలూ రాత్రీ ప్రకటనలు లేకుండా పాటలొచ్చేవి. చెట్టు అడ్డమొస్తే గప్‌చుప్. ఆయన దాన్ని ఆ తెల్ల కార్లో బిగించుకున్నారు. మొదటి సినిమా విడుదలైన రోజున, ఆకాశం బాగా కనిపించేచోట ఆపుదామని జూబ్లీహిల్స్‌లో ఒక బండరాయి పక్కన కారు ఆపితే, సరిగ్గా అప్పుడు అందులో ఆయన సినిమా పాటే వచ్చిందట. సినిమా ఏడాది ఆడింది. ఇంకేముంది, ఆ కారు దేవుడి గది అయిపోయింది. కొన్నాళ్ళకి ఆ రేడియో కంపెనీ మూతపడింది. పాటలాగిపోయాయి. ఈయన మాత్రం సెట్టు పీకనివ్వలేదు. దానికి ఫోను తగిలించే ఏర్పాటు చేయించుకుని, ప్రతి సినిమా పాటనీ ఆ సెట్టులోంచే, ఆ బండ పక్కనే ఆగి, వింటారు. అక్కడ బాగుంటే పాట ఉంటుంది. లేకపోతే పోతుంది.

మొదట్లో అందులో అంతా గరగరే. ఎఫ్ఎం స్టేషన్లు మధ్యలో దూరి బట్టల దుకాణాల ప్రకటనలు వినిపించేవట. మూడేళ్ళ కిందట షేక్‌పేటలో కారు స్టీరియోలు బిగించే శ్రీనివాసులు దగ్గరికి తీసుకెళ్ళి మొత్తం బాగుచేయించారు. కొత్త వైర్లు, కొత్త ఆంప్లిఫయరు, తలుపుల్లో కొత్త స్పీకర్లు, డిక్కీలో దడదడలాడే పెద్ద డబ్బా. గరగర పోయింది. డప్పు కొడితే సీటు అదురుతుందని ఊరంతా చెప్పుకున్నారు.

ఆ బాగుచేసిన కార్లోనే నాగేశ్వరి పాట కూడా పోయింది. నాగేశ్వరి నా స్నేహితురాలు, బోరబండలో ఉంటుంది, నాలాగే ట్రాక్ పాడేది. దానికీ ఇదే మాట, గొంతులో బరువు లేదని. ఆయన అన్నారంటే ఫిల్మ్‌నగర్ అంతా అన్నట్టే. మరి ఎవరూ పిలవలేదు. అది పిచ్చిది, నమ్మింది. గొంతు లావు చేసుకుంటానని తెల్లవారుజామున ఖాళీ బిందెలో తలపెట్టి మంద్రం సాధన చేసింది, నానా కషాయాలు తాగింది. చివరికి ఉన్న గొంతు కూడా బొంగురు పోయి, డాక్టరు ఆర్నెల్లు మాట్లాడొద్దన్నాడు. ఇప్పుడు ఒక చిన్న బడిలో పొద్దున్న ప్రార్థన పాడిస్తోంది. అదీ పిల్లలచేత, తను పెదవులు కదిపి.

నేను నాగేశ్వరిని కాను. మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి ఫిల్మ్‌నగర్ వెళ్ళాను.

సూర్యప్రకాశరావు గారు పోర్టికోలోనే ఉన్నారు. "రామ్మా భువనా. కాఫీ తాగుతావా?" అన్నారు.

"కాఫీ వద్దు సార్. మీ కార్లో నా పాట వింటాను."

"అదొక్కటీ అడక్కమ్మా. సింగర్స్‌ని ఆ కారెక్కించుకోను. సెంటిమెంటు."

"నేను సింగర్‌నని మీరు ఒప్పుకోలేదు కద సార్. ఎక్కించుకోవచ్చు."

ఆయన నా కేసి చూసి, నవ్వి, తాళాలు తీశారు. ఆ నవ్వులో నాకేదో బుద్ధి చెప్పాలన్న సరదా ఉంది. కానివ్వండి అనుకున్నాను. ఆ కారు ఆయనే నడుపుతారు, డ్రైవర్ని ముట్టుకోనివ్వరు. ఎత్తు ఎక్కి, మలుపు తిరిగి, ఆ బండ పక్కన ఆపారు. ఇప్పుడక్కడ ఆకాశం కూడా సరిగ్గా లేదు, చుట్టూ అద్దాల మేడలు లేచాయి. ఆయన సెట్టుకి దణ్ణం పెట్టి, ఫోను తగిలించి, నా పాట పెట్టారు.

వీణ వచ్చింది. చక్కగా, కుడిచెవిలో ఒక తీగ, ఎడమచెవిలో ఒక తీగ. తర్వాత నేను వచ్చాను. వచ్చానని ఎలా చెప్పను. ఎక్కడో డిక్కీ వెనకనుంచి, గోడ అవతల ఎవరో పాడుకుంటున్నట్టు, ఎముకల్లేని గొంతు ఒకటి వచ్చింది. అది నాది. చరణంలో నేను ప్రాణం పెట్టి పాడిన చోట కూడా గాలిలో పొగలా తేలిపోయింది. ఆయన ఏమీ అనకుండా ఆపి, బొంబాయి అమ్మాయి పాడింది పెట్టారు. కారు నిండిపోయింది. ఆ అమ్మాయి నా రెండు భుజాల మీదా చేతులేసి పాడుతున్నట్టుంది.

"నీ చెవులతోనే విన్నావుగా తల్లీ," అన్నారు జాలిగా.

విన్నాను. తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ నా గొంతు ఇంతేనా, స్టూడియోలో నాకు మొహమాటానికి బాగుందన్నారా అనిపించింది. నాగేశ్వరి ఎలా నమ్మిందో అప్పుడర్థమైంది. ఇంకోసారి పెట్టమని చేత్తో చూపించాను. ఆయన పెట్టారు.

పల్లవి సగంలో ఆయనకి ఫోనొచ్చింది, రెండో ఫోను. ఎవరో ఫైనాన్సియరు. ఆయన పాట ఆపకుండా, స్టీరియో మీదున్న బ్యాలెన్సు బిళ్ళ ఎడమకి తిప్పారు. కుడిపక్క, ఆయన వైపు తలుపు, మూగబోయింది. చప్పుడంతా నా వైపు తలుపులోంచే వస్తోంది.

నా గొంతు కూడా వచ్చింది. నిండుగా. ఎక్కడి డిక్కీ, ఎక్కడి గోడ, పక్కన కూర్చుని పాడుతున్నట్టు. తల్లి కూతురికి తల దువ్వుతూ పాడే ఆ ఖర్జం, నేను ఎంతో కష్టపడి దించిన ఆ కింది స్వరం, నా మోకాలికి తగిలింది.

ఆయన మాటలు ముగించి బిళ్ళ మధ్యకి తెచ్చారు. నేను మాయమైపోయాను.

నేను చెయ్యి చాపి బిళ్ళ ఎడమకి తిప్పాను. ఉన్నాను. కుడికి తిప్పాను. అక్కడా ఉన్నాను, అంతే నిండుగా. మధ్యకి తెచ్చాను. లేను.

"ఏం చేస్తున్నావమ్మా," అన్నారాయన, గుళ్ళో విగ్రహాన్ని ముట్టుకున్నట్టు కంగారుగా.

"వినండి సార్. ఎడమ తలుపులో నేనున్నాను. కుడి తలుపులో నేనున్నాను. రెండూ కలిస్తే నేను లేను. నా గొంతు పల్చనైతే ఒక్కదాంట్లో ఉన్నప్పుడు కూడా పల్చగానే ఉండాలి కదా."

ఆయన తనే తిప్పి చూశారు. ఒకసారి కాదు. ముఖం రంగు మారింది గానీ ఒప్పుకోలేదు. "పాత కారు కదమ్మా, అలాగే ఉంటుంది," అన్నారు.

"షేక్‌పేట ఎంత దూరం సార్, కొండ దిగితే వచ్చేస్తది. పోనియ్యిండ్రి," అన్నాను.

నాకు కోపమొస్తే మాట మారుతుంది. మాది జగిత్యాల. ఫిల్మ్‌నగర్‌లో పాడాలంటే ఆ యాస పైకి రాకూడదని మొదట్లోనే ఒకాయన చెప్పాడు. అండీలూ గారూలూ నేర్చుకున్నాను. కానీ కోపం దగ్గరికొచ్చేసరికి అవన్నీ జారిపోతాయి. ఆయన నా గొంతులో ఏం విన్నారో ఏమో, కారు తిప్పారు.

శ్రీనివాసులు దుకాణం ఫ్లైఓవర్ నీడలో ఉంటుంది. నిర్మాతగారు స్వయంగా వచ్చారని కుర్చీ తుడిచాడు, చాయ్ తెప్పించాడు. నేను సంగతి చెప్తే తల అడ్డంగా ఊపాడు. "మా ఫిట్టింగ్ల తప్పుండదమ్మా," అన్నాడు. కుడి తలుపు అట్ట ఊడదీయించాను. వంగి చూశాడు. లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఏమీ జరగనట్టు చెప్పాడు.

"వైర్లు ఉల్టా అయినయ్. ప్లస్సు మైనస్సుకి, మైనస్సు ప్లస్సుకి. గంతే."

"గంతేనా?"

"ఎడమ స్పీకరు ముందట్కి తోసినప్పుడు ఇది ఎన్కకి గుంజుతది మేడమ్. రెండు దిక్కుల ఒక్కతీరుగ వచ్చే సౌండు ఉంటది సూడుండ్రి, గొంతు గిట్ల, అది ఒకదాన్నొకటి తినేస్తది. వీణలు గీణలు పక్కలకుంటయ్, వాటికేం గాదు."

"మరి మూడేండ్ల నుంచి చూడలేదా?"

"పాట మోగుతున్నది. డప్పు డిక్కీలకెల్లి దంచుతున్నది. ఎవ్వలు కంప్లెయింట్ ఇయ్యలే," అన్నాడు నింపాదిగా. తప్పు పని చేసినవాడు నిద్రపోతున్నాడు, బోరబండలో ఒక మనిషి కషాయాలు తాగి గొంతు పోగొట్టుకుంది.

రెండు వైర్లు అటుదిటు మార్చాడు. తలుపు వేశాక పాట పెట్టారు.

ఆ క్షణం గురించి నేను గొప్పగా చెప్పుకోవాలని లేదు. పాట ఎలా పాడానో అలా వినబడింది, అంతే. కళ్ళెదురుగా, కారు ముందు అద్దం మధ్యలో, నేను. సూర్యప్రకాశరావు గారికి ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరికీ పెళ్ళిళ్ళు చేశారు. చరణం అయ్యేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత బాగా పాడావమ్మా," అన్నారు. నిజంగానే అన్నారు. నా కోపమంతా అక్కడే కరిగిపోయింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నాకూ ఏడుపొచ్చింది.

అక్కడితో ఊరుకుంటే పోయేది. ఆయన ఊరుకోలేదు. ఫోన్లో వెతికి, తను వద్దన్న పాటలన్నీ దాచుకున్నారు కాబోలు, ఇంకోటి పెట్టారు. మొదటి మాటకే గుర్తుపట్టాను. నాగేశ్వరి. తేనె కారుతున్నట్టుంది గొంతు. ఎవరు ఏ నోటితో దాన్ని బరువు లేదన్నారో అనుకునేలా ఉంది. ఆ మాట అన్న నోరు నా పక్కనే ఉంది.

ఆయన పల్లవి దాకా విన్నారు. అనుపల్లవిలో ఆపేశారు. కొంచెంసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత అద్దం దించి పిలిచారు.

"శ్రీనివాసులూ, వైర్లు ముందెలా ఉన్నాయో అలా పెట్టెయ్."

శ్రీనివాసులే తెల్లబోయాడు. "ఉల్టా పెట్టమంటరా సార్?"

"ముందున్నట్టు పెట్టు. మొన్నటి సినిమా పాటలు ఈ కార్లో అలాగే విని ఓకే చేశాం. ఆడింది. సెంటిమెంటు మార్చకూడదు." నా వైపు తిరక్కుండానే చెప్పారు, మెల్లగా, మర్యాదగా. "నీ పాట బాగుంది తల్లీ, కాదనను. కానీ ఈ కారు ఒప్పుకోలేదు. వచ్చే సినిమాకి చూద్దాం."

నాకప్పుడు అర్థమైంది, ఇది సెంటిమెంటు కాదు. వైరు సరైనదైతే ఆయన తప్పవుతారు. నాగేశ్వరి విషయంలో, నా విషయంలో, ఇంకా ఆ ఫోన్లో దాచిన ఎంతమంది విషయంలోనో. అందుకని వైరునే తప్పుగా ఉంచమంటున్నారు. గొంతులు పోయినా సరే, తన చెవులు ఒప్పయి ఉండాలి. కారు దిగి తలుపు ఎంత గట్టిగా వేశానంటే శ్రీనివాసులు బిగిస్తున్న అట్ట మళ్ళీ ఊడి కిందపడింది.

ఆటోలో కూడా మనసు ఊరుకోలేదు. రెండు తలుపుల్లోనూ ఒక్కతీరుగా వచ్చే గొంతుని ఆ కారు తినేస్తుంది. మరి బొంబాయి అమ్మాయిని ఎందుకు తినలేదు? ఆటోని ఇంటికి కాకుండా రవిచంద్ర స్టూడియోకి పోనిమ్మన్నాను.

జరిగింది విని వాడు తలపట్టుకున్నాడు. బొంబాయి పాట తెరమీద తెరిచి చూపించాడు. "ఆ అమ్మాయి ఎప్పుడూ రెండుసార్లు పాడుతుందక్కా. ఒకటి ఎడమకి పెడతాం, ఒకటి కుడికి. రెండూ అచ్చం ఒకటి కావు కదా, అందుకని ఒకదాన్నొకటి తినవు."

"అయితే నేనూ పాడతాను."

"ఇంకోసారా? ఆయన వద్దన్నారు కదక్కా."

"నువ్వు ఒక్కసారైనా ఆయనతో స్టూడియోలో బాగుందని చెప్పావా రవీ?"

వాడు లేచి మైకు పెట్టాడు.

మొదట పాడింది అలాగే ఎడమకి నెట్టించాను. ఒక్క అక్షరం ముట్టుకోనివ్వలేదు. కుడికి మాత్రం కొత్తగా పాడాను. కూతురి పెళ్ళికి ముందు రోజు తల్లి పాడే పాట అది, పళ్ళు కొరుక్కుంటూ పాడేది కాదు. అయినా పాడాను. సరిగ్గా ఒకసారి పాడినదాన్ని, ఒక తలుపులో వైరు తప్పుగా ఉందని, ఇంకోసారి పాడాల్సి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

భువనక్క మళ్ళీ పాడింది, ఈసారి వేరేగా ఉంది, ఒక్కసారి వినండి అని రవిచంద్ర ఆయనకి చెప్పాడు. వాడు ఆమాత్రం నోరు తెరవడమే గొప్ప. ఆయన నన్నూ రమ్మన్నారు. ముఖం చాటేస్తానని అనుకున్నారేమో, నేను ముందే వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను. రవిచంద్ర వెనకెక్కాడు. అదే ఎత్తు, అదే మలుపు, అదే బండ. సెట్టుకి దణ్ణం.

పాట మొదలైంది. ఈసారి నేను కారు నిండా ఉన్నాను. ఉల్టా వైరు ఉల్టాగానే ఉంది, అది నన్ను ఏమీ చెయ్యలేకపోయింది. సూర్యప్రకాశరావు గారు చివరిదాకా కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక తొడ మీద చరిచారు.

"ఇదీ పాడటమంటే. చూశావా, మనసు పెడితే బరువు ఎలా వచ్చిందో. రవీ, ఇదే ఉంచెయ్. పేరు వేయించు, భువన అని."

వెనకనుంచి రవిచంద్ర నా భుజం తట్టాడు. ఇంత కాలం ఏ మాట కోసం కాచుకున్నానో ఆ మాట వచ్చింది. నోరు మూసుకుని థాంక్యూ సార్ అని దిగిపోవాలి. ఎవరైనా అదే చేస్తారు. మా ఆయన ఇంట్లో ఫోను చేతిలో పెట్టుకుని కూర్చునుంటాడు.

కానీ మనసు పెడితే వచ్చిందట. మొదటిసారి నేను మనసు పెట్టలేదట.

"ఇంకోసారి పెట్టండి సార్," అన్నాను. ఆయన సంతోషంగా పెట్టారు. నేను చెయ్యి చాపి ఆ బిళ్ళ పూర్తిగా ఎడమకి తిప్పాను. కుడి తలుపు మూగబోయింది. నా వైపు తలుపులోంచి ఒకే ఒక్క గొంతు వచ్చింది.

"ఇది ఎట్లుంది సార్?"

"బాగుందమ్మా. చాలా బాగుంది."

"మీరు వద్దన్నది ఇదే. ఆ మొదటి రోజు పాడిందే ఇది. ఒక్క ముక్క మార్చలేదు. కావాలంటే రవిని అడగండి."

ఆయన అద్దంలో రవిచంద్రని చూశారు. వాడు ముందుకు వంగి, "అవును సార్. ఎడమవైపుది పాతదే," అన్నాడు. వాడి జన్మలో ఆయన ముందు చెప్పిన మొదటి నిజం అదేననుకుంటాను.

సూర్యప్రకాశరావు గారు బిళ్ళ మధ్యకి తెచ్చారు. పాట ఆపారు. "అంటే నన్ను మోసం చేశావన్నమాట," అన్నారు. గొంతులో అమ్మా, తల్లీ లేవు.

"మోసం పాటలో లేదు సార్. మీ తలుపుల ఉన్నది. మీకు తెల్సు. తెల్సి మళ్ళ పెట్టిచ్చిన్రు."

"పేరు తీయించెయ్యగలను, తెలుసా?"

"తీయిండ్రి. కానీ ఈసారి గొంతు పల్చగుందని తీస్తలేరు. గది మీకు తెల్సు, నాకు తెల్సు, ఎన్క కూసున్నోనికి తెల్సు."

పైనుంచి ఎవరో కారు హారన్ కొడితే ఆయన మా బండి కాస్త పక్కకి తీశారు. ఇంజను ఆపి, చివరికి, "నీ పేరుంటుంది. దిగమ్మా, నాకు పనుంది," అన్నారు.

నేను దిగలేదు.

"నాగేశ్వరి పాట మీ ఫోన్ల ఉన్నది కద సార్. మొన్న సగంల ఆపిన్రు. నాగేశ్వరికి ఫోన్ చేసి, తప్పు నీ గొంతుల లేదు, నా కార్ల ఉన్నదని చెప్పుండ్రి. నంబరు నేనిస్త."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. బడి ఇడిచే టైమయింది, ఎత్తుతది."

ఆయన నా కేసి చూశారు, ఆ పాత సెట్టు కేసి చూశారు, ఫోను మాత్రం ముట్టుకోలేదు. నేను సీటు బెల్టు లాగి పెట్టుకున్నాను.

"మీరు మెల్లగ చెయ్యిండ్రి సార్. నాకేం ఫికర్ లేదు, నేను గీడనే కూసుంట."